ఒకే తీగలో బొమ్మా కరెంటూ: నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే కెమెరాల బిగింపుపై ఎలక్ట్రీషియన్ మిత్రులతో ప్రసంగం

సభలోని మిత్రులందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది ఇళ్ల వైరింగులో చేయి తిరిగినవారే కాబట్టి ఫేజు గురించి, న్యూట్రల్ గురించి, ఎర్తు గురించి నేను మీకు చెప్పవలసింది ఏమీ లేదు. అయితే ఈ మధ్య అపార్టుమెంటు సంఘాలవారూ దుకాణదారులూ కెమెరాల పనిని కూడా మీ చేతికే ఇస్తున్నారు. ఇళ్ల వైరింగులో లేని కొన్ని మెలికలు ఆ పనిలో ఉన్నాయి, వాటిని చెప్పమని నన్ను పిలిచారు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, కెమెరా పోయిందని కబురు వచ్చిన చోటికి వెళ్తే నిజంగా కెమెరా పోయి ఉండటం తక్కువ. తీగ తప్పో, వాట్ల లెక్క తప్పో, నీళ్లు దిగిన జాయింటో బయటపడటమే ఎక్కువ. ఈ పూట నేను మాట్లాడేది ఆ మూడింటి గురించే.

నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ప్రతి కెమెరాకూ రెండు తీగలు లాగేవాళ్లం. బొమ్మ కోసం ఒక కోయాక్సియల్ తీగ, కరెంటు కోసం మరొక తీగ. కెమెరా పక్కనే 12 వోల్టుల అడాప్టర్‌ను ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సన్‌షేడు కింద బిగించేవాళ్లం. తొలకరి రాగానే ఆ డబ్బాలోకి నీళ్లు, ఎండాకాలంలో చీమలు చేరేవి. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటును కూడా పంపే పద్ధతి వచ్చాక ఆ అడాప్టర్ల బాధ తీరింది. దీని పేరు పవర్ ఓవర్ ఈథర్‌నెట్, వాడుకలో పీఓఈ. ఇది కెమెరాల కోసం పుట్టింది కాదన్న సంగతి మీలో కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. ఆఫీసు బల్లల మీద నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే ఐపీ ఫోన్లకు వేరే అడాప్టర్ లేకుండా చేయడానికి 2000 ప్రాంతంలో సిస్కో సంస్థ తన సొంత పద్ధతిని తెచ్చింది. అన్ని కంపెనీలకూ కలిపి, ఇలాంటి ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంఘమైన ఐ ట్రిపుల్ ఈ సంస్థ 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. ఈ పనిలో స్విచ్ అంటే గోడ మీది మీట కాదు, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె; ఒక్కో కేబుల్ తగిలించే సాకెట్ ఒక పోర్టు. ఆ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక పోర్టులో 15.4 వాట్లు పంపుతుంది. దారిలో పోయే నష్టం పోను అవతలి కొసన ఉన్న పరికరం 12.95 వాట్లు వాడుకోవచ్చు. 2009లో వచ్చిన 802.3ఏటీ దాన్ని 30 వాట్లకు, 2018లో వచ్చిన 802.3బీటీ 90 వాట్ల వరకు పెంచాయి. మామూలు డోమ్, బుల్లెట్ కెమెరాలకు మొదటిది చాలు. తిరిగే పెద్ద కెమెరాలకు మాత్రం రెండోది గానీ మూడోది గానీ కావాలి.

పాత అడాప్టర్ 12 వోల్టులది కదా, ఇందులో 48 వోల్టులు ఎందుకు అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మీకు తెలిసిన ఓమ్ సూత్రంలోనే ఉంది. నెట్‌వర్క్ కేబుళ్లలో మామూలు రకమైన క్యాట్ ఫైవ్ ఈలో నాలుగు జంటల సన్నని తీగలుంటాయి; ఒక్కొక్క తీగకు 100 మీటర్లకు నిరోధం గరిష్ఠంగా 9.4 ఓమ్‌ల వరకు ఉండవచ్చు. కరెంటు ఒక జంట తీగలలో వెళ్లి ఇంకో జంటలో తిరిగి వస్తుంది. జంటలోని రెండు తీగలు సమాంతరంగా ఉంటాయి కనుక రానూ పోనూ కలిపిన నిరోధం కూడా దాదాపు 9.4 ఓమ్‌లే అవుతుంది. ఆ దూరాన 10 వాట్లు తినే కెమెరా ఉందనుకోండి. 48 వోల్టులతో పంపితే దారిలో పోయేది రెండు వోల్టులు. కెమెరాకు 46 చేరుతుంది, అది హాయిగా నడుస్తుంది. అదే తీగలో 12 వోల్టులు పంపితే, మీరు ఏ కిటుకు చేసినా అవతలి కొసన చేరగల గరిష్ఠ శక్తి నాలుగు వాట్లు కూడా ఉండదు; మిగతాది తీగలోనే వేడిగా పోతుంది. ఊళ్లకు 33 కేవీ, 11 కేవీ లైన్లు వేసి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం వెనుక ఉన్న లెక్కా ఇదే.

48 వోల్టులు వస్తున్న తీగను పొరపాటున లాప్‌టాప్‌కు తగిలిస్తే కాలిపోదా అన్న భయం కూడా చాలామందికి ఉంటుంది. ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ అయితే కాలిపోదు, ఎందుకంటే అది కరెంటును ఊరికే వదిలిపెట్టదు. తీగ తగిలించగానే ముందు 3 నుంచి 10 వోల్టుల మధ్య ఒక చిన్న వోల్టేజీని పంపి అవతల 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందా అని చూస్తుంది. ఆ నిరోధం కనిపిస్తేనే అవతల ఉన్నది కరెంటు అడిగే పరికరమని తెలుసుకుంటుంది. తర్వాత మరికొంచెం పెంచి నీకు ఎంత కావాలని అడిగి, ఆ పైన మాత్రమే 48 వోల్టులు వదులుతుంది. కెమెరాను ఊడదీసినప్పుడు, తీసుకునే కరెంటు 10 మిల్లీ ఆంపియర్ల కంటే తగ్గిపోతే అర సెకను లోపలే సరఫరాను ఆపేస్తుంది. తలుపు తట్టినది ఎవరో కిటికీలోంచి చూసి గడియ తీసే ఇల్లాలి పద్ధతి ఇది. అయితే బజారులో పాసివ్ అని రాసి అమ్మే చవక ఇంజెక్టర్లూ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బాలు) స్విచ్‌లూ ఈ పలకరింపు ఏదీ లేకుండా 24 గానీ 48 గానీ వోల్టులను నేరుగా తీగలోకి తోసేస్తాయి. వాటిని ఆ కంపెనీ పరికరంతోనే జతగా వాడాలి తప్ప కెమెరాల పెట్టెలో కలపకూడదు. పెట్టె మీద ఏఎఫ్ అని గానీ ఏటీ అని గానీ లేకపోతే ఆ స్విచ్‌ను నేను కొనను.

ఇప్పుడు వాట్ల లెక్క. కొన్నేళ్ల కిందట ఒక అయిదంతస్తుల అపార్టుమెంటువారు నన్ను పిలిచారు. అంతకుముందే ఇంకొకరు ఎనిమిది కెమెరాలు బిగించి వెళ్లారు. పగలంతా ఎనిమిదీ చక్కగా కనిపించేవి. సాయంత్రం ఆరున్నర దాటగానే ఏడో కెమెరా, ఎనిమిదో కెమెరా వంతులవారీగా ఆరిపోయి, ఒక నిమిషానికి వెలిగి, మళ్లీ ఆరిపోయేవి. ఆ బిగించిన వ్యక్తి ఆ రెండు కెమెరాలనూ రెండుసార్లు మార్చాడట. సంఘం కార్యదర్శిగారు నన్ను చూడగానే, ఆ రెండు చోట్లా వాస్తు బాగాలేదేమో చూడండి బాబూ అన్నారు. ఆయన నవ్వకుండానే అన్నారు. నేను కెమెరాల దగ్గరకు పోకుండా స్విచ్ దగ్గరకు పోయి దాని అడుగున అంటించిన చీటీ చదివాను. పోర్టుకు 30 వాట్లు అని పెద్ద అక్షరాలతో, మొత్తం 60 వాట్లు అని చిన్న అక్షరాలతో ఉంది. ఆ కెమెరా పగటిపూట నాలుగున్నర వాట్లు తింటుంది. చీకటి పడగానే దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అప్పుడు అది తొమ్మిది వాట్లు అవుతుంది. పగలు ఎనిమిదింటికీ కలిపి 36, రాత్రి 72. ఆరు కెమెరాలు దీపాలు వెలిగించుకున్నాక 54 అయింది. ఏడోది దీపం లేకుండా మేలుకుంటే 58.5, అంటే పరిమితి లోపలే. దీపం వెలిగించుకోగానే 63 అవుతుంది, స్విచ్ దాన్ని కోసేస్తుంది. ఖాళీ అయిన చోటులోకి ఎనిమిదోది వచ్చి అదే పని చేస్తుంది. తెల్లవార్లూ ఇదే తంతు. 120 వాట్ల స్విచ్ ఒకటి తెచ్చి పెట్టగానే వాస్తు బాగుపడింది.

కాబట్టి స్విచ్ కొనేటప్పుడు చూడవలసింది పోర్టుల సంఖ్య కాదు, మొత్తం వాట్లు. కెమెరా డబ్బా మీద చూడవలసింది పగటి వాడకం కాదు, దీపాలు వెలిగినప్పటి గరిష్ఠ వాడకం. ఆ గరిష్ఠాలను కూడి, పైన నాలుగోవంతు వెసులుబాటు ఉంచుకోండి. కొన్ని స్విచ్‌లు కెమెరా నిజంగా ఎంత తింటున్నదో చూడకుండా, అది మొదట చెప్పుకున్న తరగతిని బట్టి పోర్టుకు 15.4 వాట్లు కేటాయించి పక్కన పెట్టేస్తాయి. అలాంటి 60 వాట్ల స్విచ్ మీద మూడు కెమెరాలకు మించి లేవకపోయినా ఆశ్చర్యపోవద్దు. ఈ ఏర్పాటులో ఒక పెద్ద సుఖమూ ఉంది. కెమెరాలన్నిటికీ కరెంటు ఒకే చోటినుంచి పోతుంది కనుక ఆ స్విచ్‌నూ, బొమ్మలు దాచే రికార్డర్‌నూ ఇన్వర్టర్ మీద పెడితే కరెంటు పోయినా ఏ కెమెరా కన్నూ మూయదు. పై లెక్క ప్రకారం కెమెరాలకు 72, మిగతా పరికరాలకు ఒక 40 వేసుకుంటే 112 వాట్లు. 150 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ ఇంకే బరువూ లేకపోతే దీన్ని దాదాపు రాత్రంతా మోస్తుంది. కంప్యూటర్ల పక్కన పెట్టే చిన్న యూపీఎస్ అయితే అరగంట నిలవడం కూడా కష్టమే.

ఇక తీగ. నేను మీతో తీగ గురించే ఎక్కువసేపు మాట్లాడాలనుకుంటున్నాను, ఎందుకంటే కెమెరాను రేపు మార్చవచ్చు గాని గోడలో పోయిన తీగను మార్చడం అంటే గోడను మార్చడమే. బజారులో ఒకే రకమైన 305 మీటర్ల డబ్బాలో, ఒకే రంగు తొడుగులో రెండు రకాల కేబుళ్లు దొరుకుతాయి. ఒకదానిలో ఉన్నది పూర్తి రాగి. రెండోదానిలో ఉన్నది అల్యూమినియం తీగ మీద పూసిన పలుచని రాగి పొర. దానిని సీసీఏ అంటారు. అది చవకగా, తేలికగా ఉంటుంది. బొమ్మ మొదటి రోజు రెండింటిలోనూ ఒకేలా వస్తుంది. కాని అల్యూమినియం నిరోధం రాగి కంటే బాగా ఎక్కువ. అది పెళుసు; నాలుగుసార్లు ఇటూ అటూ వంచితే విరుగుతుంది. కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 అనే ప్లగ్గు పిన్ను గుచ్చుకున్న చోట గాలి తగిలి పొర కట్టి, ఏడాది తిరిగేసరికి అక్కడ నిరోధం పెరుగుతుంది. బొమ్మకు మాత్రమే వాడిన కేబుల్‌లో అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కరెంటు కూడా పోయే కేబుల్‌లో ఆ పిన్ను దగ్గరే వేడి పుడుతుంది. కేబుల్ ప్రమాణాలు దీన్ని అంగీకరించవు. దుకాణంలో అడిగితే అంతా రాగే అంటారు. అందుకే బ్లేడుతో తీగ మొన మీద గీరి చూడండి. పూర్తి రాగి అయితే ఎంత గీరినా ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే రెండో గీతకే వెండిలా తెల్లబడుతుంది. తగరం పూసిన మంచి రాగి తీగ పైకి తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడకండి.

బ్లేడు మీద నమ్మకం లేనివారికి మల్టీమీటర్ ఉంది. లాగిన కేబుల్‌లో అవతలి కొసన ఒక జంటలోని రెండు తీగలను మెలివేసి, ఇవతలి కొసన ఆ రెండింటి మధ్య ఓమ్‌లు చూడండి. 50 మీటర్ల రాగి కేబుల్‌లో అది 9.4 దాటకూడదు, మీటరు తీగల నిరోధాన్ని అందులోంచి తీసేయండి. 14, 15 చూపిస్తే ఆ డబ్బాను దుకాణానికి తిరిగి పంపండి. కేబుల్ పొడవు ఎంతో తెలియడానికి టేపు పట్టనక్కరలేదు. తొడుగు మీద మీటరు మీటరుకూ అంకె ముద్రించి ఉంటుంది. మొదటి కొసన అంకెనూ చివరి కొసన అంకెనూ రాసుకుని తీసివేస్తే సరి. ఈ అలవాటు బిల్లు రాసేటప్పుడు కూడా తగాదా తప్పిస్తుంది.

పొడవు 100 మీటర్లు దాటకూడదన్నది అందరూ చెప్పే మాటే. అందులో గోడలో పోయేది 90, రెండు కొసల్లోని చిన్న తీగలకు కలిపి 10 అని ప్రమాణం. మనవాళ్లు తప్పేది ఎక్కడంటే, గేటు నుంచి రికార్డర్ గదికి కంటితో కొలిచి 70 మీటర్లు అనుకుంటారు. కేబుల్ మాత్రం పైపు వెంట మేడ ఎక్కి, షాఫ్టు దిగి, మూల చుట్టి 115 అవుతుంది. కొన్ని స్విచ్‌ల మీద ఎక్స్‌టెండ్ అనే చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పోర్టు వేగం 10 మెగాబిట్లకు తగ్గి 250 మీటర్ల దాకా పోతుందని కంపెనీలు చెప్తాయి. ఒక కెమెరా బొమ్మకు ఆ వేగం చాలుతుంది గాని అంత దూరం పోయాక రాత్రి దీపాలకు మిగిలే వోల్టేజీ మీద నాకు నమ్మకం తక్కువ. మధ్యలో ఇంకొక చిన్న స్విచ్ పెట్టడమో, రాగి బదులు వెలుగుతో సంకేతాలు పంపే ఫైబర్ లాగడమో మేలు.

ఇళ్ల వైరింగులో తీగ చాలకపోతే మనం ఏం చేస్తాం? రెండు కొసలు మెలివేసి, టేపు చుట్టి, డబ్బాలోకి తోస్తాం. ఇక్కడ ఆ పని చేయకూడదు. ఈ కేబుల్‌లో జంటలు మెలిక తిరిగి ఉండటమే బయటి రొదను, అంటే పక్క తీగల నుంచి వచ్చి సంకేతాన్ని చెడగొట్టే విద్యుత్ అలజడిని ఆపేది. క్రింపింగ్ చేసేటప్పుడు, అంటే కొసకు ప్లగ్గును నొక్కి బిగించేటప్పుడు కూడా ఆ మెలికను అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. రంగుల వరుస తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండు వైపులా ఇదే. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు గుర్తుండటానికి జంటలను పక్కపక్కన పెట్టి నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని రెండు వైపులా ఒకే విధంగా కొట్టేస్తారు. చిన్న దీపాల టెస్టర్ తగిలిస్తే ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి, అంతా బాగుందనిపిస్తుంది. కాని మూడో పిన్నూ ఆరో పిన్నూ ఒకే జంటవి కావాలి, ఇక్కడ అవి విడిపోయాయి. అయిదు మీటర్లలో ఏమీ తెలియదు. అరవై మీటర్లలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఆ టెస్టర్ తీగ తెగలేదని మాత్రమే చెప్తుంది, జంట కలిసిందని చెప్పదు. ఇంకొక మాట, 230 వోల్టుల తీగలు పోయే పైపులో ఈ కేబుల్‌ను తోయకండి. రొద సంగతి అటుంచి, ఆ తీగ తొడుగు ఎక్కడైనా చెడితే 230 వోల్టులు ఇనుప ఒళ్లున్న కెమెరా మీదికి వస్తాయి, నిచ్చెన మీద ఉన్నది మీరే.

నీళ్ల విషయం. కెమెరా మీద ఐపీ67, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని రాసి ఉంటుంది, అది నిజమే. కాని దాని తోకకున్న ఆర్‌జే45 సాకెట్‌కు ఆ రక్షణ లేదు. దానికోసం డబ్బాలో ఒక ప్లాస్టిక్ తొడుగు, రబ్బరు వాషరు ఇస్తారు. కేబుల్‌ను ముందు ఆ తొడుగులోంచి, వాషరులోంచి దూర్చి, ఆ తర్వాతే క్రింపింగ్ చేయాలి. పిన్ను కొట్టేశాక తొడుగు ఎక్కదు. ఎక్కదు కాబట్టి చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేసి నల్ల టేపు చుట్టి దిగిపోతారు. నేను ఊడదీసిన సాకెట్లలో ఎన్నిట్లోనో పిన్నుల మీద పచ్చటి చిలుము చూశాను. కరెంటు పారుతున్న రాగికి తడి తగిలితే చిలుము దాన్ని మామూలు కంటే తొందరగా తినేస్తుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా తొందరగా. సాకెట్‌ను చిన్న జంక్షన్ డబ్బాలో పెట్టి, కేబుల్‌ను డబ్బా అడుగు నుంచి ఎక్కించి, ఎక్కేముందు కిందికి ఒక వంపు ఉంచండి. తీగ వెంట జారిన వాననీరు ఆ వంపు దగ్గర బొట్టుబొట్టుగా కారిపోతుంది, లోపలికి ఎక్కదు.

ఒక బ్లాకు నుంచి ఇంకొక బ్లాకుకు, లేదా ఆవరణ చివరి స్తంభం దాకా రాగి కేబుల్ వేయడం మాత్రం నాకు ఇష్టం ఉండదు. దగ్గరలో పిడుగు పడితే ఆ పొడవాటి తీగలో పుట్టే వోల్టేజీ కెమెరాతో ఆగదు. స్విచ్‌నూ రికార్డర్‌నూ కూడా తీసుకుపోతుంది. అలాంటి చోట ఫైబర్ వేసి, అవతల స్తంభం దగ్గర వేరే కరెంటుతో ఒక చిన్న పీఓఈ స్విచ్ పెట్టండి. అలాంటి వోల్టేజీని ఎర్తులోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టామన్న ధీమాతో ఉన్నవారిని దాని ఎర్తు తీగ ఎక్కడికి పోయిందని అడిగి చూడండి. చాలాచోట్ల అది గోడకు వేసిన మేకుతో ఆగిపోతుంది.

కెమెరా ఎత్తు గురించి రెండు మాటలు. మొహం గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలన్నది వాడుకలో ఉన్న కొలత. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు కనుక అది పది మీటర్ల వెడల్పు దాకానే మొహం చూపగలదు. 2.8 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ వెడల్పు నాలుగు మీటర్ల దూరంలోనే నిండిపోతుంది. గేటు దగ్గరి కెమెరాను మూడో అంతస్తు పిట్టగోడకు బిగిస్తే కనిపించేవి తలలూ హెల్మెట్లూ మాత్రమే. ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. రాత్రి దీపాలకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీళ్లు వస్తాయి. గూడు లెన్సుకు అడ్డంగా తెల్లగా మెరుస్తూ తెల్లవార్లూ కదలిక కనిపించిందని యజమాని ఫోను మోగిస్తూనే ఉంటుంది. నెలకొకసారి చీపురు పట్టమని వాచ్‌మన్‌కు చెప్పి రండి.

రికార్డింగు ఎన్ని రోజులుండాలన్నది కొన్నిచోట్ల మన ఇష్టం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం, ఒకేసారి వందమంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే దుకాణాలు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్ల వంటివాటిలో కెమెరాలు ఉండాలనీ, 30 రోజుల బొమ్మలు దాచాలనీ చెప్పింది. ఒక కెమెరా సెకనుకు నాలుగు మెగాబిట్లు పంపితే రోజుకు 43 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు 30 రోజులకు పది టెరాబైట్లు దాటుతుంది. నాలుగు టెరాబైట్ల డిస్కు పెట్టి నెల రోజులు వస్తుందని చెప్పిన మాట, దొంగతనం జరిగిన పదిహేనో రోజున పోలీసులు అడిగినప్పుడు మీ మెడకు చుట్టుకుంటుంది. మెట్ల దగ్గర కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమని పెడితే చాలా ఆదా అవుతుంది. గేటు దగ్గర మాత్రం ఆపకండి.

పాస్‌వర్డ్ సంగతి మీ పని కాదనుకోవద్దు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేసిన కెమెరాలనూ రికార్డర్లనూ 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము పెద్ద ఎత్తున లోబరచుకుని ఇంటర్నెట్‌లోని పెద్దపెద్ద సైట్లను కూలదోసింది. రికార్డర్‌లోనే పీఓఈ పోర్టులుంటే కెమెరాలను వాటికే తగిలించండి. అవి ఇంటి వైఫైకి దూరంగా, విడిగా ఉంటాయి. కొత్త పాస్‌వర్డ్ యజమాని చేత పెట్టించి, ఆయన చేతనే ఆయన పుస్తకంలో రాయించండి, మీ ఫోనులో ఉంచుకోకండి.

పని ముగిసిందని డబ్బు తీసుకునే ముందు ఒక సాయంత్రం మళ్లీ వెళ్లండి. చీకటి పడ్డాక అన్ని దీపాలూ వెలిగి ఉండగా స్విచ్ ఎన్ని వాట్లు చూపిస్తున్నదో చూసి, అన్నిటికంటే దూరపు కెమెరాను ఒక గంటసేపు గమనించండి. ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా అంకె కట్టి, ఏ అంకె ఏ కెమెరాదో ఒక కాగితం మీద రాసి రికార్డర్ పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. రెండేళ్ల తర్వాత ఆ తలుపు తీసేది మీరే కావచ్చు, మరొకరు కావచ్చు.

ఈ బల్ల మీద రెండు కేబుల్ ముక్కలు ఉన్నాయి. రెండింటి తొడుగు మీదా క్యాట్ సిక్స్ అనే రాసి ఉంది. ముందు వరుసవారు బ్లేడు తీసుకుని గీరి చూసి వెనక్కి అందించండి. ఏది ఏమిటో నేను చెప్పను. ఈలోగా ప్రశ్నలు ఉన్నవారు అడగవచ్చు.